రోజూ సాయంత్రం రౌటర్ ఆగిపోతోంది – మీ ఇంట్లో ఏళ్ల తరబడి నమ్మకంగా నడుస్తున్నది ఏది?

మియాపూర్_మూడో_అంతస్తు

అందరికీ నమస్కారం. నేను ఇంటి నుంచే పని చేస్తాను, మా ఆయన కూడా వారంలో సగం రోజులు ఇంట్లోనే, పాపకు సాయంత్రాలు ఆన్‌లైన్ ట్యూషన్. ఫైబర్ కనెక్షన్, వాళ్లిచ్చిన చిన్న డబ్బా, దానికి మేం సొంతంగా కొని తగిలించిన రౌటర్. కొన్న కొత్తలో చాలా బాగుంది, పోయిన వేసవి నుంచి మొదలైంది గొడవ. సాయంత్రం ఆరు దాటిందంటే మీటింగ్ మధ్యలో అందరి మొహాలూ ఆగిపోతాయి, ఫోన్‌లో వైఫై గుర్తు ఫుల్లుగా ఉంటుంది కానీ కింద ఇంటర్నెట్ లేదని వస్తుంది. కాసేపటికి దానంతట అదే రావాలి, లేదంటే స్విచ్ ఆపి వేయాలి. లైన్ వాళ్లని అడిగితే మా లైన్ బాగానే ఉంది, మీ రౌటర్ పాతదైంది అంటారు. రౌటర్ కంపెనీకి ఫోన్ చేస్తే లైన్ చూపించుకోండి అంటారు. మధ్యలో నలిగేది మేం. స్పీడు ఎంత వస్తుందన్నది నాకు ముఖ్యం కాదు, ఆగకుండా ఉంటే చాలు. కొనే ముందు మీ అనుభవాలు చెప్పండి, బాక్సు మీద రాసిన గొప్పలు కాకుండా మీ ఇంట్లో నిజంగా ఎన్నేళ్లు నడిచిందో చెప్పండి.

కొత్తమోడల్

వైఫై 6, అంటే కొత్త తరం వైఫై ఉన్న రౌటర్ ఏదైనా తీసుకోండి మేడమ్, పాతవి ఇక పనికిరావు. ఫోన్లు, టీవీ, కెమెరా అన్నీ కలిపితే ఇంటికి పదిహేను ఇరవై అవుతున్నాయి, పాత రౌటర్లు మోయలేవు.

ఖమ్మం_ఫైబర్

అక్కా, డబ్బులు పెట్టే ముందు ఒక్క రెండు రోజులు ఆగండి. నేను చేసేది ఈ పనే, ఇళ్లకు ఫైబర్ లాగి స్ప్లైసింగ్, అంటే ఫైబర్ అతుకులు వేయడం, చేస్తాం. రౌటర్ పోయిందని కొత్తది కొని, తగిలించాక కూడా అదే తంతు నడిచిన ఇళ్లు చాలా చూశాను. ముందు తప్పు ఎక్కడుందో తేలాలి.

నెట్ ఆగిన క్షణంలోనే ల్యాప్‌టాప్‌లో రెండు కమాండ్ కిటికీలు తెరిచి ఒకదాంట్లో మీ రౌటర్ అడ్రస్‌కి, అంటే 192.168.0.1 కానీ 192.168.1.1 కానీ, ఇంకోదాంట్లో బయటి సర్వర్ 1.1.1.1కి పింగ్ పెట్టండి, అంటే అవతల నుంచి జవాబు వస్తుందా అని అడిగే కమాండ్. రౌటర్ నుంచే జవాబు రాకపోతే తప్పు ఇంట్లో ఉంది: రౌటరో, వైఫైయో. రౌటర్ జవాబిస్తూ బయటిది మాత్రం రాకపోతే తప్పు ఆపైన ఎక్కడో ఉంది. అప్పుడు ఫైబర్ డబ్బా మీద లైట్లు చూడండి. ఎల్ఓఎస్ అని రాసిన లైటు ఎర్రగా వెలిగితే వెలుగు మీ ఇంటిదాకా రావట్లేదని అర్థం, అది పూర్తిగా మా పని, మీరు ఏ రౌటర్ మార్చినా లాభం లేదు. పాన్ (PON) అని రాసిన లైటు ఆగకుండా మినుకుమంటుంటే వెలుగు వస్తోంది కానీ అవతలి పరికరం దగ్గర మీ డబ్బా రిజిస్టర్ కావట్లేదు.

ఇంకొకటి చూడండి. రౌటర్ పేజీలోకి (ఆ అడ్రస్‌నే బ్రౌజర్‌లో కొడితే వస్తుంది) వెళ్తే స్టేటస్ అన్న చోట అప్‌టైమ్ ఉంటుంది, ఆన్ అయ్యి ఎంతసేపైందో చెబుతుంది. మీరు ముట్టుకోకుండానే అది మళ్లీ సున్నా నుంచి మొదలవుతోందా? అయితే రౌటర్ తనంతట తాను ఆగి లేస్తోంది. అలా లేచినప్పుడు వైఫై ముందు వచ్చేస్తుంది, పీపీపీఓఈ లాగిన్, అంటే రౌటర్ మీ పేరుతో నెట్ కంపెనీ సర్వర్‌కి లాగిన్ కావడం, తర్వాత జరుగుతుంది, పైగా పాత సెషన్ సర్వర్‌లో ఇంకా తెగకపోతే కొత్త లాగిన్‌ని ఒప్పుకోదు. మీరు చెప్పిన ‘వైఫై ఫుల్లు, ఇంటర్నెట్ లేదు’ అచ్చం ఇలాగే ఉంటుంది.

గోదారిగట్టు

ఈ తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. నేను జోడించేది ఒక్కటే, వేడి. రౌటర్‌తో వచ్చే కాగితం తీసి చూడండి, పని చేసే ఉష్ణోగ్రత అని 0 నుంచి 40 డిగ్రీలు రాసి ఉంటుంది దాదాపు అన్నింటికీ. మే నెలలో మా రాజమండ్రిలో బయటే 40 దాటుతుంది, అలాంటప్పుడు పైన స్లాబు, కింద అటక, పక్కన టీవీ సెటప్ బాక్సు ఉన్న మూలలో అది ఎంత వేడిలో ఉంటుందో ఆలోచించండి. రోజంతా కాలిన స్లాబు సాయంత్రానికే కదా లోపలికి వేడి వదిలేది. మీకు సాయంత్రమే వస్తోందంటే నాకు మొదట తట్టింది అదే. రౌటర్ ఎక్కడ పెట్టారు?

మా ఇంట్లో రౌటర్ అటక మీద ఉండేది. దించి విప్పిస్తే లోపల చీమలు. నల్లగా, ఎండిపోయి, గాలి ఆడే సందులన్నీ మూసేసి ఉన్నాయి. బోర్డు వెచ్చగా ఉంటుంది కాబట్టి చలికాలంలో చేరాయట. బ్రష్షుతో దులిపి, హాల్లో గోడకి నిలువుగా మేకులకి తగిలించాం. అదే రౌటర్ ఇవాళ్టికీ నడుస్తోంది.

మియాపూర్_మూడో_అంతస్తు

ఖమ్మం తమ్ముడికి, రాజమండ్రి బాబాయిగారికి చాలా థ్యాంక్స్. రౌటర్ టీవీ యూనిట్ లోపల ఉంది, గాజు తలుపు వెనక, బయటికి కనిపించకూడదని. అప్‌టైమ్ చూశాను, పొద్దున్న నుంచి ఎవరూ ముట్టుకోలేదు, అయినా గంట కూడా లేదు. ఫైబర్ డబ్బా మీద ఎర్ర లైటు ఏమీ రావట్లేదు, ఆగినప్పుడు కూడా పచ్చగానే ఉంది. అంటే రౌటరే ఆగి లేస్తోంది అనుకోవాలి కదా. మరి కొత్తది కొనేయనా?

కొత్తమోడల్

నేను మొదటే చెప్పాను కదండీ.

సోల్డరింగ్_సుల్తాన్‌బజార్

ఆగండి మేడమ్, అడాప్టర్ సంగతి ఎవరూ మాట్లాడలేదు. దానంతట అది ఆగి లేచే రౌటర్లలో నా టేబుల్ మీదికి వచ్చేవాటికి ఎక్కువసార్లు జబ్బు రౌటర్‌లో ఉండదు, గోడకు గుచ్చిన ఆ నల్ల ముద్దలో ఉంటుంది. అందులో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, అంటే వోల్టేజీని నిలకడగా ఉంచే చిన్న గొట్టాల్లాంటి భాగాలు ఉంటాయి. వాటి ఆయుష్షు వేడిని బట్టి తగ్గుతుంది, పది డిగ్రీలు పెరిగితే దాదాపు సగమవుతుందని లెక్క. రాత్రీపగలూ ఆన్‌లో ఉండే వస్తువు, గాలి ఆడని చోట. విప్పితే కనిపిస్తుంది, కెపాసిటర్ పైభాగం చదునుగా ఉండాల్సింది ఉబ్బి ఉంటుంది, ఒక్కోసారి గోధుమరంగు జిగురులాంటిది కారి కాళ్ల దగ్గర గట్టిపడి ఉంటుంది.

దీంట్లో మోసం ఏంటంటే, అడాప్టర్ విడిగా పెట్టి మల్టీమీటర్‌తో చూస్తే 12 వోల్టులు చక్కగా చూపిస్తుంది. రౌటర్‌కి తగిలించి, దాని మీద లోడు పడ్డాక చూడాలి. అప్పుడు 10కో 9కో జారితే అది అయిపోయినట్టే. సాయంత్రం ఇంట్లో అందరూ ఒక్కసారి వాడటం మొదలుపెడతారు, రౌటర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ ఒక్క క్షణం పడిపోతుంది, లోపలి చిప్పు ఆగి మళ్లీ లేస్తుంది. మీకు లైట్లు ఆరిపోయినట్టు కూడా తెలియదు.

కొత్త అడాప్టర్ కొనేటప్పుడు పాతదాని మీద ఎన్ని వోల్టులు రాసుందో సరిగ్గా అన్నే ఉండాలి. ఆంపియర్లు అంతే కానీ ఎక్కువ కానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. 9 వోల్టుల రౌటర్‌కి 12ది పెట్టేసి కాల్చుకున్నవాళ్లు ఉన్నారు. పిన్ను లోపల ప్లస్సా మైనస్సా అన్న గుర్తు కూడా చూసుకోండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నదే తీసుకోండి, ఫుట్‌పాత్ మీద దొరికేవాటిలో బరువే ఉండదు.

కాకినాడ_చందు

అన్నా, అది కరెంటు వోల్టేజీ తక్కువైనా జరుగుతుందా? సాయంత్రం మా వీధిలో ట్యూబ్‌లైట్లు కూడా కొట్టుకుంటాయి.

సోల్డరింగ్_సుల్తాన్‌బజార్

మంచి అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టుల దాకా అని రాసి ఉంటుంది చందూ, ఆ లోపల ఎంత వచ్చినా తట్టుకుంటుంది. వోల్టేజీ తక్కువైతే ఫ్యాన్ నెమ్మదిస్తుంది కానీ ఆరోగ్యంగా ఉన్న అడాప్టర్‌కి ఏమీ కాదు. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో మాత్రం కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో రౌటర్ ఆగి లేవొచ్చు.

కరీంనగర్_నవీన్

మా కథ వేరే. రౌటర్ మార్చాం, అడాప్టర్ మార్చాం, లాభం లేదు, రోజుకోసారి ఎల్ఓఎస్ ఎర్రగా. లైన్ అతను వచ్చి చూస్తే ఉడుత. స్తంభం నుంచి మా పిట్టగోడ దాకా వచ్చే సన్నని నల్ల వైరుని జామచెట్టు కొమ్మ దగ్గర కొరికి పెట్టింది, పూర్తిగా తెగలేదు, గాలికి ఊగినప్పుడల్లా వెలుగు తగ్గుతుందట. ఇక కోతులొస్తే చెప్పక్కర్లేదు, వైరు పట్టుకుని ఊగుతాయి. చెట్టు మీద నుంచి కాకుండా పైపులో వేయించుకున్నాక ప్రశాంతంగా ఉంది.

ఖమ్మం_ఫైబర్

నవీన్ భాయ్ చెప్పింది మాకు రోజూ ఉండే పనే. ఇలాంటివి పట్టుకోవాలంటే లైన్ అబ్బాయిని పవర్ మీటర్ తెమ్మనండి, చేతులూపుకుంటూ వస్తే ఒప్పుకోవద్దు. మీ ఇంటి చివర వెలుగు ఎంతుందో డీబీఎం అనే కొలతలో చెబుతుంది, అంకె మైనస్‌లో ఉంటుంది. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే హాయి. మైనస్ 25 దాటితే వాన పడినా, వైరు వంగినా పోతుంది. మైనస్ 27 దగ్గర మామూలు జీపాన్ (ఇళ్లకిచ్చే ఒక రకం ఫైబర్ పద్ధతి) డబ్బాల హద్దు. మైనస్ 20 కాస్తా మైనస్ 23 అయ్యిందంటే వెలుగు సగమైందని లెక్క. చాలా డబ్బాల్లో ఈ అంకె లోపలి పేజీలో కూడా కనిపిస్తుంది, ఆర్ఎక్స్ పవర్ అన్న చోట. బాగున్న రోజున ఒక ఫోటో తీసి పెట్టుకోండి, పాడైన రోజున ఇంకోటి తీసి పక్కపక్కన చూపిస్తే కస్టమర్ కేర్‌లో ఎవరూ మీతో వాదించలేరు.

ఇంకోటి కూడా చాలామందికి తెలియదు. పచ్చ రంగు కనెక్టర్ మొన ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలం రంగుది అలా ఉండదు. పచ్చదాన్ని నీలం సాకెట్లో పెడితే దూరుతుంది, నెట్ కూడా రావచ్చు, కానీ వెలుగు చాలా నష్టపోతుంది. ఇల్లు సర్దుతూ తీసి పెట్టేవాళ్లు జాగ్రత్త. మొనని వేలితో తాకొద్దు, చిన్న ధూళి కణం చాలు. వైరుని గుండ్రంగా గట్టిగా చుట్టి రబ్బరు బ్యాండు వేయొద్దు, వంపు దగ్గర వెలుగు బయటికి పోతుంది.

అపార్ట్‌మెంట్_బి_బ్లాక్

సాయంత్రం మాత్రమే నెమ్మదించే ఇళ్లకి ఇంకో కారణం కూడా ఉంది, అది మియాపూర్ మేడమ్‌ది కాకపోవచ్చు కానీ చదివేవాళ్లకి పనికొస్తుంది. మా బ్లాకులో ఫోన్‌లో చూస్తే ఒకేసారి ముప్పై వైఫై పేర్లు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలకుండా ఉండేవి మూడే ఛానళ్లు, 1, 6, 11. మిగతావి పెట్టుకుంటే రెండు వైపులా గోలే. రాత్రి ఎనిమిదింటికి అందరూ టీవీలు పెడతారు, మీ రౌటర్ ఎంత గొప్పదైనా దానికి సందు దొరకాలి కదా. మీటింగులు 5 గిగాహెర్ట్జ్ మీదే పెట్టుకోండి. మన దేశంలో 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్‌లో చాలా భాగానికి లైసెన్సు అవసరం లేకుండా చేశారు కాబట్టి చోటుకు కొదవ లేదు.

అందులో కూడా ఒక చిక్కుంది. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానళ్లలో రాడార్లు పని చేస్తాయి. రాడార్ జాడ తగిలిందంటే రౌటర్ ఆ ఛానల్ ఖాళీ చేసి వెళ్లిపోవాల్సిందే, కొత్తచోటు కూడా ఆ ఛానళ్లలోదే అయితే మళ్లీ కనీసం ఒక నిమిషం విని కానీ మొదలుపెట్టదు. విమానాశ్రయం దగ్గరి ఇళ్లలో ‘5జీ వైఫై పేరు మాయమై మళ్లీ వస్తోంది’ అన్నవాళ్లు ఆటో తీసేసి 36 కానీ 149 కానీ పెట్టి చూడండి.

విశాఖ_రాధ

మా ఇంట్లో లైన్ వాళ్లిచ్చిన డబ్బాలోనే వైఫై ఉంది. నాలుగేళ్లయింది, పెద్దగా ఇబ్బంది లేదు. అందరూ సొంత రౌటర్ కొనమంటుంటే అవసరమా అనిపిస్తుంది. చిన్న ఇల్లు, రెండు గదులు.

కొత్తమోడల్

చిన్న ఇంటికి అవసరం లేదు రాధగారూ. కానీ 200, 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని 94 దాటట్లేదు అనేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు పోర్టు చూసుకోవాలి. 100 ఎంబీపీఎస్ పోర్టు అయితే లెక్కలన్నీ పోను చేతికి వచ్చేది అంతే. గిగాబిట్ పోర్టున్నా వైరులో ఎనిమిది తీగలూ బాగుండాలి, ఒక్కటి తెగినా 100కి పడిపోవచ్చు. కొత్త రౌటర్ కొనమని నేనెందుకు అంటున్నానంటే అప్‌డేట్లు. పాత మోడళ్లకి కంపెనీలు సాఫ్ట్‌వేర్ ఇవ్వడం ఆపేస్తున్నాయి. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్వేర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాల్లోకి చొరబడిందని బయటపడినప్పుడు, ఇళ్లలో రౌటర్లన్నీ ఆపి వేయమని అమెరికా ఎఫ్‌బీఐ చెప్పాల్సి వచ్చింది. నడుస్తోంది కదా అని అలా వదిలేయడం నాకు నచ్చదు.

లండన్_తెలుగమ్మాయి

ఇక్కడ బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టం వచ్చింది. ఇంటర్నెట్‌కి తగిలించే వస్తువు అమ్మేవాళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో ముందే చెప్పాలి, అన్ని డబ్బాలకీ ఒకటే సులువైన పాస్‌వర్డ్ పెట్టి అమ్మకూడదు. మా నాన్నగారికి నెల్లూరులో రౌటర్ కొనేటప్పుడు ఆ తేదీ కంపెనీ బ్రిటన్ సైట్‌లో వెతికి, అదే మోడల్‌కి ఎక్కువ కాలం రాసి ఉన్నది చూసి ఎంచుకున్నాం. ఇండియాకి వచ్చే వెర్షన్ వేరే ఉండొచ్చు కాబట్టి డబ్బా కింద స్టిక్కర్ మీద వీ1, వీ2, వీ3 అని ఉండే హార్డ్‌వేర్ వెర్షన్ కూడా సరిపోల్చుకోవాలి.

బెంగళూరు_పెంగ్విన్

అప్‌డేట్లు ఆగిపోయిన రౌటర్‌ని పారేయక్కర్లేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు. 2002 చివర్లో వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ సోర్స్ కోడ్ బయటికి వచ్చాక దాని మీద 2004లో మొదలైన ప్రాజెక్టు ఇది, ఇప్పటికీ బతికే ఉంది. నేను వాడుతున్నది కొన్న కంపెనీ ఎప్పుడో వదిలేసిన మోడల్, దీంతో నెలల తరబడి రీస్టార్ట్ లేకుండా నడుస్తోంది. ఒకరు పెద్ద ఫైలు ఎక్కిస్తుంటే ఇంకొకరి కాల్ ముక్కలు కాకుండా చూసే ఎస్‌క్యూఎం అనే సదుపాయం ఉంది, ఇంటి నుంచి పని చేసేవాళ్లకి దానికి మించింది లేదు. అయితే అన్ని మోడళ్లకీ ఎక్కదు. వాళ్ల జాబితాలో మీ మోడలూ హార్డ్‌వేర్ వెర్షనూ రెండూ సరిగ్గా ఉంటేనే ముట్టుకోండి.

మియాపూర్_మూడో_అంతస్తు

అప్‌డేట్ ఇస్తున్నాను. మా ఆయన ఆఫీసు నుంచి వస్తూ 12 వోల్టుల 1.5 ఆంపియర్ల అడాప్టర్ తెచ్చారు, పాతదాని మీద 12 వోల్టులు 1 ఆంపియర్ అని ఉంది. పాతదాన్ని కింద రిపేర్ షాపు అతను లోడు పెట్టి చూశారు, సుల్తాన్‌బజార్ అన్న చెప్పినట్టే జారిపోయింది, తొమ్మిదిన్నర దగ్గర ఊగుతోంది. విప్పి చూపించారు కూడా, పెద్ద కెపాసిటర్ నెత్తిన బుడిపెలా లేచి ఉంది. రౌటర్ని గాజు తలుపు వెనక నుంచి తీసి యూనిట్ పైన పెట్టాం. పోయిన వారం మొత్తం మీటింగులు ఒక్కటీ తెగలేదు, అప్‌టైమ్ రోజుల్లోకి వెళ్లింది. కొత్త రౌటర్ కొనాలనుకున్న డబ్బులో ఎక్కువ భాగం మిగిలింది. ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు, ఎంతో టెన్షన్ తీరింది.

కస్టమర్ కేర్ వాళ్లు ఒక్కరైనా అడాప్టర్ మాట ఎత్తి ఉంటే ఇన్ని నెలలు పోయేవి కావు. దాని మీద నాకు కోపం ఇంకా పోలేదు.

గోదారిగట్టు

సంతోషం అమ్మా. కోపం న్యాయమైనదే. ఎవరికైనా వారంటీలో ఉన్న వస్తువుని ఒకరి మీద ఒకరు నెట్టుకుంటూ ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, కంప్లైంట్ నంబర్లు, తేదీలు దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు.

వరంగల్_పొలంగట్టు

మాకు ఊళ్లో ఫైబర్ ఇంకా ఇంటిదాకా రాలేదు, స్తంభం మీది డబ్బా నుంచి మామూలు ల్యాన్ వైరు లాగారు. మొన్న అకాల వర్షానికి ఉరుములు మెరుపులు, ఎక్కడో దూరంగానే పడింది పిడుగు, మా రౌటర్లో బయటి నెట్ వైరు తగిలించే నీలం పోర్టు ఒక్కటి పోయింది. వైఫై వస్తోంది, లైట్లు వెలుగుతున్నాయి, నెట్ లేదు. దీనికి రిపేర్ ఉందా?

సోల్డరింగ్_సుల్తాన్‌బజార్

రాగి వైరు మీద వచ్చిన సర్జ్ అది, అంటే ఒక్కసారిగా ఎగసిన వోల్టేజీ. మిగతా ల్యాన్ పోర్టులు బాగుంటే కొన్ని రౌటర్లలో సెట్టింగుల్లోనే వాటిలో ఒకదాన్ని ఇన్‌పుట్‌గా మార్చుకోవచ్చు, ముందు అది చూడండి. లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ చిప్పు మార్చాలి, దాని వెనక ఉన్నది కూడా పోయి ఉంటే ఖర్చు దండగ. ఉరుము వినగానే కరెంటు ప్లగ్గుతో పాటు ఆ ల్యాన్ వైరు కూడా పీకేయండి, చాలామంది ప్లగ్గు ఒక్కటే పీకుతారు. ఫైబర్ గాజు కాబట్టి దాని గుండా కరెంటు రాదు, కానీ కొన్ని వైర్లకి బలం కోసం పక్కన ఉక్కు తీగ ఉంటుంది, అది ఇంటి లోపలి దాకా రాకుండా బయటే కట్ చేయించండి.

కాకినాడ_చందు

చివరిగా ఒకటి అడుగుతా. కరెంటు పోయినా నడవడానికి రౌటర్‌కి చిన్న యూపీఎస్‌లు వస్తున్నాయి కదా, అవి నమ్మొచ్చా? మాకు ఇన్వర్టర్ లేదు.

ఖమ్మం_ఫైబర్

నమ్మొచ్చు చందూ, మా ఆఫీసులోనే వాడుతున్నాం. రెండు విషయాలు చూసుకో. నీకు ఫైబర్ డబ్బా, రౌటర్ వేర్వేరుగా ఉంటే రెండింటికీ బ్యాకప్ కావాలి, ఒక్క రౌటర్‌కే పెడితే వైఫై వస్తుంది కానీ నెట్ రాదు. రెండు అవుట్‌పుట్‌లు ఉన్నది తీసుకో, లేదా రెండు కొను. రెండోది, రెండు డబ్బాల ఆంపియర్లు కలిపి చూసుకో, యూపీఎస్ మీద రాసింది అంతకంటే ఎక్కువ ఉండాలి. లోపల లిథియం సెల్స్ ఉంటాయి కాబట్టి గాలి ఆడే చోట పెట్టు, రౌటర్ మీద పెట్టి ఒకదాని వేడి ఇంకోదానికి ఎక్కించకు. మీ వీధి స్తంభం దగ్గర పెట్టెకి బ్యాకప్ లేకపోతే మాత్రం నీ ఇంట్లో ఎంత ఉన్నా లాభం లేదు, కొనే ముందు మీ ఆపరేటర్‌ని ఆ మాట అడుగు.

కాకినాడ_చందు

అడిగాను అన్నా, పెట్టెలో బ్యాటరీ ఉందట, రెండు మూడు గంటలు వస్తుందన్నారు. అడాప్టర్ల మీద చూస్తే ఫైబర్ డబ్బాది 12 వోల్టులు అర ఆంపియర్, రౌటర్‌ది 12 వోల్టులు 1 ఆంపియర్. రెండు అవుట్‌పుట్‌లు, 2 ఆంపియర్లు ఉన్నది ఆర్డర్ పెడుతున్నా.